మందు నింపుతున్నప్పుడు

జ్యోతిరాణి మంచిర్యాలలో ఒక ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సు. పదహారేళ్ల సర్వీసు. మాటకు మాట అప్పజెప్పే మనిషి. అలాంటిది పోయిన ఎండాకాలంలో, సిరంజిలోకి మందు తీస్తున్నంతసేపూ నోట్లో నీళ్లు పట్టి ఉంచుకోవడం మొదలుపెట్టింది. ఎవరు పిలిచినా పలకదు. అదే వార్డులో పనిచేసే కోమలను నేను. మొదట నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను.

ఏడో మంచం కనకవ్వ కాలి పుండుతో చేరింది. షుగరు మనిషి. పొద్దున టిఫిన్‌కు ముందు నాలుగు యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. జ్యోతిరాణి సిరంజి పట్టుకుందో లేదో, "సిస్టర్, ఫ్యాన్ తిరుగుతలేదు" అని ఒకరు, "డిశ్చార్జ్ ఎప్పుడు" అని ఇంకొకరు, రిసెప్షన్ నుంచి ఫోను, ఉతికిన దుప్పట్లు రాలేదని సూపర్‌వైజరు. అందరికీ జవాబు చెప్పి చూసుకుంటే సిరంజిలో పద్నాలుగు! కనకవ్వ అప్పటికే చెయ్యి చాపి కూర్చుంది.

ఆ మందు పారబోసి, మళ్లీ తీసి ఇచ్చింది. జరిగింది తానే రిజిస్టర్లో రాసింది. మా మేనేజ్‌మెంటు చేసిన ఘనకార్యం ఏమిటంటే, "పని మీద ధ్యాస లేదు" అని ఆమెకే మెమో ఇవ్వడం. పిలిచినవాళ్లను అడిగిన పాపాన పోలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రి దగ్గర ఏడ్చింది. బాపు సారయ్య బెల్లంపల్లి బొగ్గుబాయిలో పేలుడు మందు పెట్టే పని చేసి రిటైరయ్యాడు.

"బాయిల నేను మందు నింపుతుంటే మేనేజర్ సుత పిలువకపోయేది బిడ్డా. నీది సుత మందే గదా, నిన్నెందుకు పిలుస్తుండ్రు?"

"నేను పలుకుతున్న గద బాపూ."

"అయితే పలుకకు."

పలకకుండా ఉండటం ఆమె వల్ల అయ్యే పని కాదు. అందుకే నీళ్లు.

వారం తిరగకముందే దవాఖాన ఓనరు, పెద్ద డాక్టరు సంతోష్‌రావు రౌండ్స్‌లో ఆమెను మూడుసార్లు పిలిచాడు. ఆమె సిరంజి మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఏమమ్మా, నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా?"

ఆమె సూది వేసి, నీళ్లు మింగి, "బెల్లం కాదు సార్, నీళ్లు. ఇప్పుడు చెప్పండి" అంది. వార్డంతా నవ్వింది. ఆయనకు తల తీసేసినట్టయింది. మరునాడే రెండో మెమో: క్షమాపణ రాసివ్వాలి, లేదంటే ఉద్యోగం పోతుంది.

"ఒక్క సారీ రాసి పడెయ్యి అక్కా" అన్నాను.

"రాస్త. రేపు మల్ల పద్నాలుగు గుంజుత. అప్పుడు కనకవ్వకు ఎవరు చెప్తరే సారీ?"

ఆమె రాసిచ్చింది ఇది: "మా బాపు ఇరవై తొమ్మిదేళ్లు బాయిలో మందు నింపి పది వేళ్లతో ఇంటికి వచ్చిండు. నింపేటప్పుడు ఆయనను ఎవరూ పిలవలేదు. నేను కూడా మందే నింపుతున్నాను. క్షమాపణ చెప్పను."

ఆ కాగితం పట్టుకుని సంతోష్‌రావు తానే వార్డుకు వచ్చాడు. జ్యోతిరాణి అప్పుడే మందుసీసాకు సూది గుచ్చింది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

"సిస్టర్..."

"సారూ" అంది కనకవ్వ మంచం మీద నుంచే, "నా పానం గా సూదిల ఉన్నది. జర ఆగుండ్రి."

ఆయన మొహం ఎర్రబడింది. పక్క మంచం దగ్గరున్న నా వైపు తిరిగాడు.

"కోమలా, ఏందిది?"

నేను సిరంజి మీది గీతలు చూసుకుంటున్నాను. నా నోట్లోనూ నీళ్లున్నాయి.