కాఫీ వేళ తెల్లలైటు

మా అత్త పోయిందని మావయ్య ఫోన్ చేసేటప్పటికి నేను ద్వారకా నగర్‌లో మా కళ్ళజోళ్ళ షాపు షట్టరు ఎత్తుతున్నాను. "మీ అత్త లేదమ్మా. నిద్రలోనే పోయింది," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ నీలం లైటు దానంతటదే వెలిగింది. తెల్లది ఎలా వెయ్యాలో నాకు తెలీట్లేదు. నువ్వు తొందరగా రా."

మనిషి పోయిన ఇంట్లోంచి ఎవరైనా లైటు గురించి మాట్లాడతారా అని మీకు అనిపించవచ్చు. మధురవాడ చేరేదాకా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను గానీ, ఆ మాట నాకు వింతగా తోచలేదు. ఎందుకో చెప్పాలంటే ఆ లైటు కథ చెప్పాలి. అత్త గురించి చెప్పడానికి నాకు అంతకన్నా మంచి దారి కూడా తెలియదు.

అత్త అంటే మా నాన్నకి అక్క. విజయనగరం వైపు పల్లెలో పుట్టి, నర్సు చదువుకుని, ఈ ఊరి ఆసుపత్రుల్లోనే పని చేసి రిటైరైంది. మావయ్యది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ పని చేశాడు. క్వార్టర్స్ ఖాళీ చేసి మధురవాడ ఫ్లాటులోకి వచ్చాక ఆయన వాకింగు పెట్టుకున్నాడు, ఆవిడ ఉప్పునీటి ట్యాంకు పెట్టుకుంది. అందులో రెండు నారింజ రంగు చేపలు, కొన్ని రాళ్ళు, వాటి మీద రెండు మూడు రకాల బుల్లి పగడాలు, ఒక రాయికి అంటుకుని పెరిగే మెత్తటి పగడం. చూడ్డానికి అచ్చం పుట్టగొడుగులా ఉండి, తల నిండా సన్నటి వేళ్ళు ఊపుతుండేది. అత్త దాన్ని గొడుగు అని పిలిచేది. రాతి పగడాలు ఎవరు చూపించినా కొనేది కాదు. చట్టం ఒప్పుకోదు, పైగా వాటిని సముద్రంలోంచి పీక్కొస్తారు అని కొట్టువాళ్ళకే క్లాసు పీకేది.

పగడం ప్రాణి అంటే మావయ్య చాలా రోజులు నమ్మలేదు. ఆయన వేలికి కుజదోషానికని పెట్టిన పగడపు ఉంగరం ఉంది. "మరి నా పగడానికి లైటెందుకు అక్కర్లేదే?" అని ఆటపట్టించేవాడు. "మీ దానికి ప్రాణం లేదు. నా దానికి ఆకలేస్తాది," అనేది అత్త. ఆ మాట నిజమే. గొడుగు ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. దాని మీద వెలుగు పడితే వంట అవుతుంది, పగడం తింటుంది. వెలుగు లేకపోతే పస్తే. నాకీ సంగతి అత్త చెప్పేదాకా తెలియదు.

చిన్న ట్యాంకు అద్దం చిట్లడంతో అసలు గొడవ మొదలైంది. అదే సమయానికి బీచ్ వైపు ఏదో హోటలు మూతపడుతూ తన ట్యాంకుని వదిలించుకుంటోందని తెలిసి అత్త దాన్ని తెచ్చుకుంది. అంత చవగ్గా ఎందుకిచ్చారో అది హాల్లో దిగాక అర్థమైంది. పొడుగు తక్కువ, లోతు ఎక్కువ. స్టూలెక్కి చెయ్యి చంక దాకా ముంచినా అడుగు తగలదు. జాకెట్టు చెయ్యి తడవకుండా అత్త ఏ రోజూ దాన్ని శుభ్రం చెయ్యలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, పక్కనే సముద్రం పెట్టుకుని ఈవిడ ఉప్పు సంచులు కొని నీళ్ళు కలుపుకునేది. అదేమంటే, "ఊరి పక్క సముద్రంలో ఊరంతా ఉంటాది కోడలా. నా ట్యాంకులో సముద్రం ఒక్కటే ఉండాల," అనేది.

ఆ లోతులో గొడుగు ముడుచుకుపోయింది. వేళ్ళు లోపలికి లాక్కుని పిడికిలిలా కూర్చుంది. హాలు సగం ట్యాంకే అయిపోయిందని అప్పటికే విసుగ్గా ఉన్న మావయ్య ఒక షరతు పెట్టాడు. గొడుగు మళ్ళీ విచ్చుకుంటే ట్యాంకు ఉంటుంది, చచ్చిపోతే ట్యాంకు వెళ్ళిపోతుంది. అత్త ఒప్పుకుంది. రిటైరయ్యాక ఆవిడ మనసు పడింది ఆ ఒక్కదాని మీదే అని మా ఇద్దరికీ తెలుసు.

పాత ట్యాంకు ట్యూబులైటు వెలుగు అడుగు దాకా దిగటం లేదని తేలింది. మంచి ఫారిన్ లైట్లు స్కూటరంత ఖరీదు. అత్త తనకి తానే ఒక గీత గీసుకుంది. ఇంట్లో గ్రైండరు కన్నా లైటు ఖరీదు ఎక్కువ కాకూడదు. ఇది వినగానే మావయ్యకి ప్లాంటు రోజులు గుర్తొచ్చాయి. పూర్ణా మార్కెట్ వెళ్ళి, యార్డుల్లో కట్టే రకం తెల్లటి ఫ్లడ్‌లైటు తెచ్చి ట్యాంకు మీద వేలాడదీశాడు. "ఎంత లోతైనా దీని ముందు లెక్కా?" అన్నాడు. అత్త కూడా ముచ్చటపడి మొదటి రోజే పూర్తిగా వెలిగించేసింది. అద్దాలన్నీ పచ్చగా నాచు పట్టాయి, రాళ్ళకి గడ్డం మొలిచింది. పై రాయి మీద ఉన్న బొత్తాల్లాంటి బుల్లి పగడాలు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. కింద గొడుగు మాత్రం పిడికిలి విప్పలేదు.

మావయ్య ఫ్లడ్‌లైటు విప్పి అటకెక్కించాడు. అత్త తనని తనే తిట్టుకుంది. "ముప్పై ఏళ్ళు నర్సు పని సేసి ఏటి నేర్సుకున్నాను నాను? ఎవరైనా మొదటి రోజే ఫుల్ డోసు ఇస్తారేటి?" అంది. ఆ రోజు నుంచి లైటుని మందులాగే చూసింది. ఎక్కువైతే మందూ విషమే అన్నది ఆవిడ మొదటి సూత్రం. ఒకేసారి రెండు మందులు మార్చకూడదు, ఏది పని చేసిందో తెలీదు అన్నది రెండోది.

ఒక మధ్యాహ్నం సంచిలో రెండు చవక లైట్లు వేసుకుని మా షాపుకి వచ్చింది. రెండూ పగడాల కోసం చేసిన నీలం లైట్లే. ఒక్కటే ఉంచుకుని రెండోది తిరిగిచ్చేస్తానని కొట్టువాణ్ణి ఒప్పించి మరీ తెచ్చింది. "ఏటే కోడలా, పొద్దస్తమానం అద్దాలమ్ముతావు కదా. బల్బుల మీద ఈ బుడిపెలున్నాయి సూడు, ఇవేటో సెప్పు."

"ఇవీ లెన్సులే అత్తా. అయితే నాను కళ్ళకి పెట్టేవే అమ్ముతాను. వీటి గురించి నాకేటి తెల్దు," అన్నాను.

"తెల్దంటే తెలుసుకుందాం. గోడ మీదెయ్యి."

షాపు వెనక గదిలో లైటు ఆర్పి, ట్యాంకు లోతంత దూరం నుంచి ఒక్కోటీ గోడ మీద వేశాం. ఒకదాని వెలుగు చాపంత పరుచుకుని పలచబడింది. రెండోది పళ్ళెమంతే పడింది గానీ చిక్కగా పడింది. అత్త గోడకి ముక్కు ఆనించి మరీ చూసింది. పొడుగు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న ట్యాంకుకి పళ్ళెమే కావాలి. ఇంత చిన్న సంగతికి ఆవిడ మొహం అంత వెలిగిపోవడం చూసి మా షాపులో పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఈవిడకి ఈ వయసులో ఇంత ఆసక్తి ఎక్కడిదని అసూయ వేసింది.

ఇంటికెళ్ళి కొత్త లైటు పెట్టాక, తెల్లటి కాఫీ సాసరుకి దారం కట్టి నీళ్ళలోకి దించింది. పైన దాని మీద వెలుగు మెరిసింది, అడుగున మసక పడింది. దారం పైకి లాగుతూ, దించుతూ చాలాసేపు చూసి అంది. "లైటుని నీళ్ళలోకి దించలేం. పేషెంటుకి ఊపిరాడకపోతే ఏటి సేస్తాం? తలవైపు ఎత్తు పెడతాం." మర్నాడు రాళ్ళు పేర్చి మెట్లు కట్టింది. గొడుగుని సగం ఎత్తుకి చేర్చింది. మసక చాలనుకునే రకాలని అడుగున వదిలేసింది. లైటు చాలా తక్కువతో మొదలుపెట్టి, ప్రతి ఆదివారం ఒక్క పిసరు పెంచేది. "బాగా చీకటిగా ఉందే," అని మావయ్య గొణిగితే, "మీ కంటికి కాదండీ, దాని ఆకలికి," అనేది. నీలం మన కంటికి మసకే, పగడానికి అదే అన్నం.

గొడుగు విచ్చుకుంది. ముందు ఒక పక్క, తర్వాత తలంతా. అత్త ఫోన్ చేసి ఏమీ చెప్పకుండా నవ్వింది. నేను అర్థం చేసుకున్నాను.

ట్యాంకు నిలబడింది కదా అనుకుంటే కొత్త చిక్కు వచ్చింది. నీలం వెలుతురులో ఎరుపు నల్లగా కనిపిస్తుంది. మా అత్త రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టేది. సాయంత్రం కాఫీ తాగుతూ ఇద్దరూ ట్యాంకు ముందు ఎదురెదురుగా కూర్చుంటే, ఆవిడ నుదుట నల్లటి మచ్చ. లైటు పెరిగి ఆ మచ్చ మొదట కంటపడిన రోజు మావయ్య కప్పు కింద పెట్టేసి లేచిపోయాడు. "ఆ మొహంతో నా ఎదురుగా కూర్చోకే. నాకు గుండె దడగా ఉంటోంది. ఆ లైటు తీసెయ్యి," అన్నాడు. అంత మొండి మనిషి భయపడటం నేను అప్పుడే చూశాను.

అత్త నవ్వేసింది. "నా బొట్టు నల్లబడితే పోయేది మీరని కదా మీ బయ్యం. ఏటీ కాదు, నానే ముందు పోతాను," అంది. అని ఊరుకోలేదు. చవకలో ఒక తెల్లలైటు కొని నీలం దాని పక్కన బిగించి, దానికి వేరే టైమరు పెట్టింది. ఫ్లడ్‌లైటు గొడవ అయ్యాక ఆ మీటలు మావయ్యని ముట్టుకోనిచ్చేది కాదు. రోజంతా పగడాలకి నీలం. కాఫీ వేళ ఒక్క గంట మావయ్యకి తెలుపు. ఆ గంట వల్ల నాచు పెరుగుతుందని ఆవిడకి తెలుసు. వారానికోసారి స్టూలెక్కి జాకెట్టు తడుపుకుంటూ ఆ నాచు గీకేది. మావయ్యకి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

ఆ రోజు నేను వెళ్ళేసరికి అత్తని హాల్లో, ట్యాంకు ముందే పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. పెద్ద కుంకుమ బొట్టు పెట్టారు, తెరలు వేసిన హాల్లో నీలం వెలుతురుకి అది నల్లగా ఉంది. మావయ్య ఆ మొహం వైపు చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను టైమరు మీట నొక్కి తెల్లలైటు వేశాను. ఆయన అప్పుడు తిరిగి, వచ్చి పక్కన కూర్చుని, ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

గొడుగు అప్పుడు ముడుచుకుని ఉంది. యజమానురాలు పోయిందని దానికీ తెలిసిందని చుట్టాలు కళ్ళొత్తుకున్నారు. అత్త ఉంటే నవ్వేది. అప్పుడప్పుడు అది పై పొర వదులుతుంది, వదిలే ముందు కొన్నాళ్ళు ముడుచుకుంటుంది, అంతే. కర్మ అయిన తర్వాత పొర ఊడి, ఎప్పటిలాగే విచ్చుకుంది. నాకు ట్యాంకు చూసుకునే పని నేర్పి వెళ్ళినందుకు అత్తకి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు.

ఇప్పుడు ఆదివారాలు నేను వెళ్ళి నాచు గీకి వస్తున్నాను. మొన్న చెయ్యి తుడుచుకుంటూ అడిగాను. "మావయ్యా, ఈ తెల్లలైటు వల్లే నాచు పడుతోంది. పగడాలకి దీని అవసరం లేదు. తీసెయ్యనా?"

ఆయన తలెత్తి తెల్లలైటు వైపు చూశాడు. "దీనివల్లా నాచు? అది నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు. తర్వాత, "ఉంచమ్మా. గీకడం నాకు నేర్పు," అన్నాడు.

కాఫీ వేళయింది. ఆయన కాఫీ కలిపి తెచ్చుకుని కుర్చీ లాక్కున్నాడు. కుర్చీ ఇప్పుడు ట్యాంకు వైపు లేదు. ట్యాంకుకి వీపు పెట్టి, ఎదుటి గోడ వైపు ఉంది. ఆ గోడకి అత్త ఫోటో తగిలించి ఉంది. హాలంతా నీలంగా ఉంది, ఫోటోలో బొట్టు నల్లగా ఉంది. మావయ్య కప్పు చేత్తో పట్టుకున్నాడు గానీ తాగటం లేదు. ఆయన వెనకాల టైమరు టిక్కుమంది, తెల్లలైటు వెలిగింది, బొట్టు ఎర్రబడింది. అప్పుడు కాఫీ మొదటి గుక్క తాగాడు.