మొక్క పక్కన మనిషి

మాది రాజమండ్రిలో కిరాణా కొట్టు నడిపిన కుటుంబం. కంటికి కనపడని సరుకును నమ్మడం మా వంశంలోనే లేదు. దెయ్యాల విషయంలోనూ నాది అదే లెక్క.

రెండు వేల దశకం చివర్లో మా అక్క భర్త, కడియంలో ఉన్న తన నర్సరీకి వెబ్‌సైటు చేసిపెట్టమన్నాడు. చుట్టరికం చెప్పి బావ సగం తగ్గించమన్నాడు. అదే చుట్టరికం చెప్పి నేను రెట్టింపు అడిగాను. చివరికి ఒక మామిడి అంటుకీ, పులస చేప పులుసుకీ ఒప్పుకుని వచ్చాను. బేరంలో నేను ఘనుణ్ణని మా వీధిలో పేరు!

ఒక్కో మొక్కకి ఒక్కో ఫోల్డరు పెట్టాను. అందులో మొక్క వివరాలు, పక్కనే దాని ఫోటో. నేను రాసిన ప్రోగ్రామ్ నడిపితే ఆ రెండింటినీ కలిపి పేజీలు తయారుచేసి, వేరే ఫోల్డరులో పెడుతుంది. మొక్క ఎత్తు తెలియడానికి పక్కన మనిషిని నిలబెట్టి ఫోటోలు తీశాం. పెద్ద మొక్కల పక్కన బావ వాళ్ళ నాన్నగారు, చిన్నవాటి పక్కన బావ.

మొదటిసారి అంతా బాగానే వచ్చింది. ఏవో అక్షరాలు దిద్ది మళ్ళీ నడిపితే, సపోటా పేజీలో పెద్దాయన లేరు. చెట్టు ఉంది. ఆయన నిలబడిన చోట గడ్డి ఉంది. నా ఫోల్డరులోని అసలు ఫోటో తెరిస్తే మాత్రం ఆయన నిక్షేపంగా ఉన్నారు.

తయారైన పేజీలన్నీ చెరిపేసి మళ్ళీ నడిపాను. పనస పేజీలోనూ లేరు. ఫోటోలన్నీ ఒకే ఫోల్డరులోకి మార్చి చూశాను. కొబ్బరి దగ్గరా పోయారు. కంప్యూటరు మార్చినా అంతే.

బావకి చూపిస్తే నవ్వాడు.

"మా నాన్న అడ్డు లేకపోతే చెట్టు బాగా కనబడుతుంది కదరా. వదిలెయ్!"

మిగతా దిద్దుబాట్లకి నడిపినప్పుడల్లా ఇంకో పేజీలోంచి పోతూ వచ్చారు. ఆఖరి పేజీలోంచి కూడా మాయమైన మర్నాడు పొద్దున్న, పెద్దాయన మొక్కలకు నీళ్ళు పెడుతూ అక్కడే కూలిపోయారు. మళ్ళీ లేవలేదు. ఏ జబ్బూ లేని మనిషి. కాకతాళీయం అనుకున్నాను. అలా అనుకోవడానికి ఖర్చేమీ లేదు కదా.

కర్మకాండలయ్యాక, ఫోన్ నంబరు మార్చమని బావ అడిగితే మళ్ళీ నడిపాను.

మందారం పేజీలో బావ లేడు.

కంగారులో, ఎలాగైనా వెనక్కి తెద్దామని ఫోల్డర్లు అటూ ఇటూ మార్చి నడిపాను. నడిపినప్పుడల్లా ఇంకొన్ని పేజీల్లోంచి పోయాడు. పంపరపనస పేజీ ఒక్కటే మిగిలాక చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. సైటులో ఇంకా అప్పటి ధరలే ఉన్నాయి. అవి చూసుకుని వచ్చినవాళ్ళు బావతో గొడవపడుతుంటారు.

"ధరలు మార్చడానికి ఎంత కావాలో చెప్పరా బావమరిదీ, ఈసారి బేరమాడను" అన్నాడు మొన్న. డబ్బు మాటే వద్దన్నాను.

"వాడు డబ్బు వద్దనడం ఎప్పుడైనా చూశారా? ఒంట్లో బాగోలేదేమోనండీ" అంది అక్క.

రేపు చూస్తానన్నాను. ఎప్పుడూ అదే చెబుతున్నాను.

ఎందుకిలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలుసుకోవాలంటే ఒకటే దారి, ఆ ప్రోగ్రామ్‌ని ఇంకొక్కసారి నడపడం.