అత్త ఒక్కపొద్దులు, నా చేపల పులుసు

మొన్న విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని వచ్చిన మనవరాలు, ఈస్టరుకు ముందు నలభై రోజుల ఈ తపస్సుకాలమంతా సెల్‌ఫోను ముట్టనని చెప్పేసరికి, నాకు మా అత్త గుర్తొచ్చి కడుపు మండింది. పోయినవాళ్లని అనకూడదంటారు. నేనంటాను. నేను చెబుతుంటే రాసిపెట్టే ఆ పిల్లే వద్దంటున్నా రాయమంటున్నాను.

పందొమ్మిదివందల యాభై తొమ్మిదో అరవయ్యో, మైపాడుకు అవతల మా పాళెంలో చర్చికి పోయే ఇళ్లు కొద్దే; ఫాదరుగారు నెలకోసారి సైకిలు మీద వచ్చి పూజ చేసి పోయేవారు, ఆయన చెప్పిన కట్టడలు ఆడవాళ్లకు అందించే పెత్తనం మా అత్తది. శుక్రవారం మాంసం మానితే చాలు, చేప తినవచ్చునని అందరికీ తెలిసిందే. అయినా ఆమె చర్చి ముందర నిలబడి, "మాంసం మొహం మనం చూసేదే పండక్కి. అది మానితే దేవుడికేం ఒరిగింది? ఈస్టరుదాకా నేను చేప ముట్టను, నా ఇంట్లో ఉడకనియ్యను" అని ఊరంతా వినేటట్టు చెప్పింది. ఆ గొప్ప వచ్చి నా కడుపు మీద పడింది. చంకలో నెలల బిడ్డ ఉన్నా నాకూ రోజూ ఒక్కపొద్దే, ఆ ఒక్క పూటా గంజీ ఉప్పూను. పాలు ఎండిపోయి, బిడ్డ చప్పరించి చప్పరించి, చివరికి ఏడ్చే ఓపిక కూడా లేక మూలుగుతుంటే, "సిలువ మీద ఆయన పడిందానికన్నా ఎక్కువటే నీ బాధ?" అనేది. సముద్రం మీద వేటకు పోయి వచ్చే మా ఇంటాయన తల్లి ముందు నోరెత్తితే గదా.

ఫాదరుగారు వచ్చిన నాడు, పూజ కాగానే, అందరి ఎదుటా బిడ్డను తీసుకుపోయి ఆయన కాళ్ల దగ్గర పడుకోబెట్టాను. ఆయన బిత్తరపోయి, "పాలిచ్చే తల్లికి ఒక్కపొద్దు ఎక్కడుందమ్మా? ఈ మాట అందరికీ చెప్పమని నిరుడే మీ అత్తతో చెప్పి పోయినానే!" అన్నారు. అత్త కొంగు ముందుకు లాక్కుంది. తెలిసే చేసింది.

ఆ సాయంత్రమే వంజరం చేప ముక్కలతో మామిడికాయ వేసి పులుసు పెట్టాను. ఇరుగూ పొరుగూ వినేటట్టే, "తినత్తా, చేపకు తప్పు లేదంట" అన్నాను. "మానినానని ఊరికంతా తెలుసు గదే" అని గోడ వైపు తిరిగింది. అది మొదలు ఈస్టరుదాకా, నా పులుసు పొయ్యి మీద తెర్లే వేళా ఆమె గంజి తాగే వేళా ఒక్కటయ్యేటట్టు చూసుకున్నాను. ముద్దముద్దకూ నాకు పాలూరాయి, ఆమెకు నోరూరింది. బిడ్డ బతికింది. ఇది పాపమని ఏ ఫాదరుతోనూ చెప్పుకోలేదు, చెప్పుకోను.

ఇప్పుడు ఎవరు ఏం మానారో అడిగేవాళ్లు లేరు, పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో వాసన పట్టేవాళ్లూ లేరు. మంచిదే. నేను మాత్రం ఏటా తపస్సుకాలంలో ఆ పులుసు పెడుతూనే ఉన్నాను. గోడ వైపు తిరిగి గుటకలు మింగే ఆ ముసల్ది ఎదుట లేక, దానికి ఆ రుచి రావడం లేదు.