మమ్మల్ని బురదలోకి దించిన టీచరమ్మ

మా టీచరమ్మ పోయారన్న కబురు నాకు చేపల గంపతో వచ్చింది. పడవ కాలువ దాటి మా ఊరికి చేపలు అమ్ముకోవడానికి వచ్చే ఆమె, ఆ రోజు ఇళ్ళ వైపు పోకుండా నేరుగా బడికి వచ్చి, గుమ్మం ముందు గంప దించింది.

"అమ్మా, మీ బురద టీచరమ్మ తెల్లారుజామున పోయినాది. నీళ్ళడిగి, తాగి, అట్టే పడుకునింది. రేపు పొద్దున మట్టి చేస్తారంట. నీకు ముందు చెప్పమన్నారు."

బురద టీచరమ్మ. నెల్లూరులో ఎవరో ఎగతాళికి పెట్టిన పేరది. సముద్రపు ఒడ్డు పల్లెల్లో మాత్రం అదే ఆమె అసలు పేరయింది. ఆ పేరు పిలిస్తే ఆమె పలికేవారు కూడా.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఆమె దగ్గర మేం చదివిన ట్రైనింగ్ స్కూల్లో సంతాప సభ జరిగిందని తెలిసింది. ఆమె "క్రమశిక్షణకు కట్టుబడిన అధ్యాపకురాలు" అని తీర్మానం రాసి, నకలు నాకూ పంపారు. చదివి ఒళ్ళు మండింది. ఆమెను ఆ స్కూలు నుంచి సాగనంపింది క్రమశిక్షణ లేదన్న పేరుతోనే. ఆమె దేనికి ఒప్పుకోలేదో, ఎందుకు ఒప్పుకోలేదో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ రాసేది నేనే కావాలి. ఎందుకో చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళయిన రోజులు. నేను నెల్లూరులో మిషన్ వాళ్ళ ఆడపిల్లల ట్రైనింగ్ స్కూల్లో చేరాను. మాది లోపలి పల్లె, వరి పండించే ఇల్లు. ఆమె మాకు ప్రకృతి పాఠం ఎలా చెప్పాలో నేర్పేవారు. పొట్టి మనిషి. నీలం అంచు తెల్ల చీర, దారంతో చెవులకు కట్టుకున్న కళ్ళద్దాలు, మగవాళ్ళ గొడుగు.

నా మొదటి అభ్యాస పాఠం నదుల మీద. గోడకు పటం తగిలించి, బెత్తంతో చూపిస్తూ, "నదులు కొండలలో పుట్టి సముద్రములో కలియును" అని గుక్క తిప్పుకోకుండా అప్పగించాను. ఆమె వెనక బెంచీలోంచి లేచారు.

"పొద్దున మొహం కడుక్కున్నావా?"

"కడుక్కున్నానండీ."

"ఆ నీళ్ళు యాడికి పోయినాయి?"

"సైడు కాలవలోకి."

"ఆన్నించి?"

నాకు తెలియలేదు. క్లాసులో ఎవరికీ తెలియలేదు. ఆమె పటం చుట్టి మూలన పెట్టి, "సరే, పదండి, పోయి చూద్దాం" అన్నారు. అదే పాఠం. ముక్కులు మూసుకుని ఆ కాలవ వెంట ఊరి చివరిదాకా నడిచాం.

అప్పటి నుంచి ప్రతి శనివారం నీళ్ళ వెంట పోవడమే. నెల్లూరు చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోయే కలుజు దగ్గర మొదలుపెట్టాం. ఒక వారం పంట కాలవలు, ఒక వారం పొలాల నుంచి దిగే మురుగు కాలవలు, ఇంకో వారం పడవెక్కి కృష్ణపట్నం వైపు ఉప్పుటేరు. ఆఖరి శనివారం సముద్రం. ఇరవయ్యేళ్ళొచ్చినా నేను సముద్రం చూడలేదంటే ఆమె నమ్మలేదు. "మీ ఊరి నీళ్ళు ఎప్పుడో చూసినాయి, నువ్వే వెనకబడినావు" అన్నారు.

ఆమె సంచిలో అంచులు పెచ్చులూడిన తెల్ల పింగాణీ పళ్ళెం ఒకటుండేది. ఉప్పుటేటి బురద నీళ్ళు అందులో పోస్తే, అప్పటిదాకా కనిపించని ప్రాణులన్నీ తెల్లటి అడుగు మీద కదిలేవి. గోరంత పీతలు, దారప్పోగుల్లాంటి రొయ్య పిల్లలు. చూశాక వాటిని తెచ్చిన చోటే, సరిగ్గా అక్కడే వదలాలి. రెండడుగులు ఇవతల వదిలితే తిట్టేవారు. "నిన్ను పక్కింట్లో దించిపోతే బాగుంటదా?"

పిల్లల్ని నీళ్ళ దగ్గరికి తీసుకుపోవడమంటే ఆటవిడుపు కాదని ఆమె పదే పదే చెప్పేవారు. ముందు టీచరు ఒక్కతే దిగి చూసుకోవాలి. కర్రతో బురద లోతు చూడాలి. మనకు మోకాలి దాకా వస్తే చిన్న పిల్లకు నడుము దాకా వస్తుందని గుర్తుండాలి. పోటు ఎప్పుడెక్కుతుందో అక్కడి వాళ్ళనే అడగాలి. ఇద్దరిద్దరు పిల్లలు చేతులు పట్టుకోవాలి. ఇంత చేశాక ఒక ప్రశ్న అడిగి, నోరు మూసుకోవాలి. మాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ చివరిదే.

మేం చీరలెగ్గట్టి జాలర్ల మధ్య నీళ్ళలో తిరుగుతున్నామన్న మాట మా ఊరిదాకా పోయింది. మా నాయన బండి కట్టుకుని వచ్చేశాడు. ట్రైనింగ్ స్కూలు వరండాలో నిలబడి, "మా బిడ్డను టీచరు చేస్తారని పంపినాను. చేపలు పట్టను కాదు. పెట్టె సర్దుకోమనండి" అన్నాడు.

ఆమె ఆయనకు కుర్చీ వేయించారు. "తీసుకుపోండయ్యా, మీ బిడ్డ. ఒక మాట చెప్పి తీసుకుపోండి. మీ మడిలో మిగులు నీళ్ళు యాడికి పోతాయి?"

"మురుగు కాలవలోకి."

"ఆన్నించి?"

"నాకేం పని? నా పొలం దాటినాక అది నా నీళ్ళా?"

"ఆ నీళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు ఉండారు. రేపు శనివారం. వాళ్ళను చూసి, అప్పుడు తీసుకుపోండి."

పట్టుదల కొద్దీ ఉండిపోయాడు నాయన. మర్నాడు పంట కాలవ వెంట నడిచినంతసేపూ ఆయనే మాకు పాఠం చెప్పాడు. ఏ తూము ఎవరిది, ఏ గట్టు ఎప్పుడు తెగింది, అన్నీ. మురుగు కాలవ దాటగానే ఆయన మా వెనక నడవసాగాడు. ఉప్పుటేటి దగ్గర పీతలు పట్టే ఒక ముసలామె, "పైన మీరు నీళ్ళు వదలకపోతే ఈడ ఉప్పెక్కిపోతదయ్యా, రొయ్య పిల్లలు రావు" అని చెప్పింది. నాయన తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. ఆ సాయంత్రం ఒక్కడే బండెక్కాడు. నన్ను రమ్మనలేదు.

ఆ పీతలామెనే టీచరమ్మ మాకు పాఠం చెప్పడానికి నిలబెట్టారు. మాలో ఒక అమ్మాయి, "ఈమా మాకు చెప్పేది?" అని గొణిగింది. టీచరమ్మ పోయి ఆ పీతలామె కాళ్ళ ముందు ఇసకలో కూలబడి, నోటు పుస్తకం తెరిచారు. ఒక్కొక్కరం వెళ్ళి ఆమె వెనక కూర్చున్నాం. గొణిగిన అమ్మాయి కూడా.

ఇక నేను చెప్పాల్సింది.

రెండో ఏడు ఉప్పుటేట్లో కాలికింద ఆలిచిప్ప కోసుకుని నా అరికాలు చీరుకుపోయింది. తప్పు నాది. కర్రతో చూడకుండా అడుగు వేయొద్దని ఆమె అప్పుడే అరిచారు, నేను నవ్వుతూ వేశాను. గాయం చీము పట్టి వారం రోజులు మంచంలో ఉన్నాను. ఇన్‌స్పెక్టరు గారికి ఆమె శనివారాలు ముందే నచ్చవు. పటాలుండగా బురదెందుకని రాసి పోయిన మనిషి. నా గాయం ఆయనకూ స్కూలు కమిటీకీ అందివచ్చింది.

స్కూలు కమిటీ కార్యదర్శి గారు నన్ను ఆఫీసుకు పిలిపించారు. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. "టీచరు బలవంతము మీద నీళ్ళలోకి దిగితిని" అని ఉందందులో.

"ఆమె బలవంతం చేయలేదండీ," అన్నాను.

"అమ్మాయ్, నీకు సర్టిఫికెట్ కావాలా వద్దా?"

సంతకం పెట్టాను. ఆ కాగితం రెండోసారి చదవలేదు కూడా. అదే ఇప్పటికీ నన్ను బాధించేది.

కమిటీ ఆమెకు ఒక అవకాశం ఇచ్చింది. ఇకపై ట్రైనింగ్ అమ్మాయిల్ని గది దాటించనని రాసిస్తే చాలు. తలుపు బయట మేమంతా విన్నాం. ఆమె గొంతు పెంచలేదు.

"నీళ్ళు చూడని టీచర్లను తయారు చేస్తానని రాసిమ్మంటారు. చేతకాదు. నన్ను యాడికి పంపిస్తారో పంపించండి."

చిట్టమూరు వైపు సముద్రపు ఒడ్డున, ఉప్పుటేటికి అవతల ఉన్న జాలర్ల పల్లెకు పంపించారు. తాటాకు పాక బడి, ఒకే టీచరు. అది శిక్ష అనుకున్నారు. ఆమె ట్రంకుపెట్టె ఎత్తుకుని బయల్దేరే రోజున నేను గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. నా ముందు ఆగారు.

"కాలు మానిందా అమ్మే?"

అంతే. ఆ కాగితం సంగతి ఆమె చనిపోయేదాకా ఎత్తలేదు. నేనే ఎత్తబోతే, "ఇరవయ్యేళ్ళ పిల్లను బెదిరించినోళ్ళు సిగ్గుపడాల. నువ్వు పని చూడు" అనేవారు.

నాకు ఉద్యోగం ఆ పల్లెకు నాలుగు మైళ్ళ ఇవతలి ఊళ్ళో వచ్చింది. మొదటి శనివారం భయపడుతూ పోయాను. అప్పటికే అక్కడ ముగ్గురు టీచర్లున్నారు. వాళ్ళలో ఒకాయన సర్కారు బడి పంతులు, ఆమె కన్నా పెద్దవాడు, పంచె పైకి కట్టి నీళ్ళలో నిలబడి రొయ్య పిల్లల్ని చూస్తున్నాడు. మరుసటి ఏడాదికి పదిహేను మందిమి అయ్యాం. సరుగుడు తోటల గుండా నడిచి, కాలవ పడవలెక్కి వచ్చేవాళ్ళం. సర్టిఫికెట్ లేదు, హాజరు పట్టీ లేదు. ఏ శిక్షణ నుంచి ఆమెను తప్పించారో అదే శిక్షణ ఆ పాకలో అంతకు రెట్టింపుగా సాగింది. ఇన్‌స్పెక్టరు గారికి తెలిసి, బడి వేళల్లో ఇదేమిటని అడిగారట. "శనివారం మధ్యాన్నం సెలవండీ. సెలవు పూట మేము స్నానానికి దిగినామని రాసుకోండి" అన్నారట ఆమె.

మా బళ్ళ పిల్లలంతా ఉప్పుటేటి పుస్తకాలు రాసేవాళ్ళు. ఏ నెలలో నీళ్ళు ఎట్టా ఉన్నాయి, పోటుతో ఏమొచ్చాయి, పాటుతో ఏం పోయాయి. బొమ్మలు వేసి, కింద పేర్లు రాసుకునేవాళ్ళు.

కొన్నేళ్ళకు ఒక కంట్రాక్టరు ఉప్పు మడుల కోసం ఉప్పుటేటికి అడ్డంగా కట్ట వేయడానికి దరఖాస్తు పెట్టాడు. పనికిరాని బురద నేల అని అందులో రాశాడు. విచారణకు తాసీల్దారు గారు ఒడ్డుకు వచ్చినప్పుడు టీచరమ్మ పిల్లల పుస్తకాలన్నీ కుర్చీ పక్కన పేర్చి, పళ్ళెంలో నీళ్ళు పోసి ముందు పెట్టారు.

"ఏమిటివి, పురుగులా?" అన్నారాయన.

ఎనిమిదేళ్ళ జాలరి పిల్ల ముందుకు వచ్చింది. "పురుగులు కావు సార్. మా నాయన వలలో పడే రొయ్యలు. ఇంకా పెరగలా."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పళ్ళెం మీదికి వంగి చాలాసేపు చూశారు. తర్వాత పుస్తకాలు అడిగారు.

కట్ట వద్దని రాసిన అర్జీ కింద టీచర్లం పద్నాలుగు మందిమి సంతకాలు పెట్టాం. నెల తిరక్కముందే అందరికీ మెమోలు వచ్చాయి. సంతకం వెనక్కి తీసుకోకపోతే చర్య తప్పదని. నేను ఆ కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. అప్పటికి నాకిద్దరు పిల్లలు.

"తీసేసుకో అమ్మే," అన్నారు ఆమె, చేట లోంచి తల ఎత్తకుండా బియ్యం ఏరుతూ. "ఇద్దరు బిడ్డల తల్లివి. నేనేమీ అనుకోను."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అన్నారు. అందుకే నాకు ఏడుపొచ్చింది. ఇంటికి వచ్చి మెమోకు జవాబు రాశాను. "నన్నెవరూ బలవంతము చేయలేదు. నా అంతట నేనే దిగితిని, చూచితిని, సంతకము చేసితిని. వెనుకకు తీసుకొనను." ఈసారి రాసింది రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. 

నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఇద్దరిని దూరపు ఊళ్ళకు మార్చారు. కట్ట మాత్రం పూర్తిగా పడలేదు. ఉప్పుటేటి నడుమ నీళ్ళు వచ్చిపోయేంత దారి వదలాలని ఉత్తర్వు వచ్చింది. మేం అడిగినంత కాదు. టీచరమ్మ ఉత్తర్వు చదివి, "సగం వచ్చింది. మిగతా సగం అడిగే టీచర్లను తయారు చేద్దాం" అని, వచ్చే శనివారం ఎవరెవరు వస్తారో లెక్క చూసుకున్నారు.

ఉబ్బసం ముదిరినాక ఆమె నీళ్ళలో దిగలేకపోయారు. ఒడ్డున ముక్కాలి పీట వేసుకుని గొడుగు కింద కూర్చుని, కొత్త టీచర్లు తొందరపడి జవాబు చెప్పబోతే పీట మీద కర్రతో కొట్టేవారు. పోవడానికి వారం ముందు కూడా కొట్టారట.

మట్టి చేసే రోజు పొద్దున నేను పోయేసరికి ఉప్పుటేటికి ఇవతల ఒడ్డున మిషన్ జీపు ఆగి ఉంది. అందులో వచ్చింది ఆ కమిటీ కార్యదర్శి గారే. ముసలివారయ్యారు. పాలిష్ చేసిన బూట్లు, చేతిలో పెద్ద పూలదండ. పడవ వేటకు పోయింది, దాటించేవాళ్ళు లేరు. పోటు ఎక్కుతోంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన టీచర్లు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒక్కొక్కరే బట్టలెగ్గట్టి నీళ్ళలో దిగి అవతలికి పోతున్నారు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

"ఏమ్మా, లోతెంత ఉంటుంది?"

"మోకాలి పైకి వస్తాయండీ. ఇంకాసేపుంటే నడుముకొస్తాయి. బూట్లు విప్పి దిగండి."

ఆయన బూట్ల వంక చూసుకున్నారు. నేను ఆగలేదు. మధ్యకు వచ్చేసరికి నీళ్ళు తొడల్ని నెట్టాయి. అవతలి ఒడ్డున పాస్టరు గారు కీర్తన ఎత్తుకున్నారు. గట్టెక్కి, చీర పిండుకుంటూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఆయన అక్కడే ఉన్నారు. పాదాల్ని ఇంకా ఒక్క అల కూడా తాకకముందే, తడిసిపోతుందేమోనని దండను రెండు చేతులతో గుండెల దాకా ఎత్తి పట్టుకుని.