దస్తీ వేసిన సీటు

సిద్దిపేట బస్టాండులో కూర్చుని ఫోన్లో కొరియా, జపాన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నాను. గ్యాలరీలో రెండు దేశాలవాళ్లూ బ్యానర్లు పట్టుకుని ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. పక్కనున్న నా ఈడు మనిషికి అది చూపించి, "ఆడేది పదకొండు మంది, తిట్లు దేశం మొత్తానికా? గిదేం బుద్ధి?" అని ఉపన్యాసమిచ్చాను.

"గదే మరి," అన్నాడాయన.

అంతలో హుస్నాబాద్ బస్సొచ్చింది. మొహం తుడుచుకునే దస్తీని కిటికీలోంచి సీటు మీద వేసి, జనాన్ని తోసుకుని ఎక్కేసరికి ఆ సీట్లో ఆయనే ఉన్నాడు.

"ఏ ఊరు నీది?"

"కోహెడ."

"మీ కోహెడోళ్లంతా గింతే!" అని బస్సంతా వినబడేలా అరిచాను.

ఆయన లేచి దస్తీ నా చేతిలో పెట్టాడు. "ఎవలో దీన్ని తీసేసి కూసోబోతుంటే, నీ జాగ పోవద్దని నేను కూసున్న. కూసో. ఇంతకు నువ్వు కొరియానా, జపానా?"

కోహెడ దాకా ఆయన నిలబడే వచ్చాడు. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు.