పిల్లి ఎదురొస్తేనే కదిలే కారు

దశరథం మీసం చూసినవాళ్లెవరూ అతనికి పిల్లి భయం ఉందంటే నమ్మరు. చెంపల దాకా పాకి, కొసల్లో పైకి తిరిగిన మీసం అది. ఎయిర్‌పోర్టు వచ్చాక నాగలి వదిలి స్టీరింగు పట్టుకున్న శంషాబాద్ రైతుబిడ్డల్లో అతనొకడు. బెంగుళూరు హైవే మీద రెండు లారీల నడుమ నుంచి తన ఇండికా కారును సూదిలో దారంలా దూర్చి తీసుకుపోగల మనిషి. అయినా పిల్లి అంటే భయమే. కరుస్తుందని కాదు, ఎదురొస్తుందని.

కారు కదిలే వేళ పిల్లి అడ్డం పోయిందంటే ఇంజన్ ఆపేసేవాడు. దిగి, ఇంట్లోకి పోయి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కాసేపు కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, అప్పుడే ఇంట్లోంచి బయటపడుతున్నట్టు మళ్లీ బయలుదేరేవాడు. ఈసారీ పిల్లి అడ్డం పోతే మళ్లీ కాళ్లు, మళ్లీ మంచం, మళ్లీ చెంబు.

ఆ గల్లీలో ఉన్నది ఒకే ఒక్క పిల్లి. బూడిద రంగుది. మూలమీది చికెన్ దుకాణం దానికి పుట్టిల్లు, అత్తిల్లు కూడా. రాత్రిళ్లు దశరథం కారు తిరిగి రాగానే ఇంజన్ వెచ్చదనానికి దాని కిందికి చేరేది. పొద్దున ఇంజన్ మోగగానే లేచి, ఒళ్లు విరుచుకుని, దొరసానిలా తలెత్తుకుని, సరిగ్గా బండి ముందు నుంచి నడిచి అవతలి గోడెక్కేది. దానికి వేరే దారి లేక కాదు. ఆ దారే ఇష్టం.

బుద్వేల్‌లో ఉండే భాస్కరరావు గారు దశరథానికి నమ్మకమైన గిరాకీ. కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన ఉద్యోగస్తుడు. నెలకు నాలుగైదు మార్లు పొద్దుటి విమానంలో చెన్నై వెళ్లే పని ఆయనది. ఒకరోజు దశరథం కాళ్లు కడుక్కునే కార్యక్రమం మూడుసార్లు జరిగేసరికి ఆయన విమానం మెట్ల దాకా పరుగెత్తాల్సి వచ్చింది. తిరిగొచ్చాక ఫోన్ చేశారు.

"చూడు దశరథం, పిల్లులూ బల్లులూ నాకు చెప్పకు. ఏ కాలంలో ఉన్నామయ్యా మనం? ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే బండి మాట్లాడుకుంటాను."

దశరథానికి ఆ రాత్రి అన్నం సహించలేదు. పిల్లి పోయిన దారిన తను పోలేడు, గిరాకీని పోగొట్టుకోలేడు. ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. పిల్లి అడ్డం రాకుండా ఉండాలంటే, తను వెళ్లేదాకా అది కదలకుండా ఉంటే చాలు కదా!

ఆయన మళ్లీ చెన్నై వెళ్లే రోజు తెల్లవారి దశరథం గంప పట్టుకుని కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. వాకిట్లో చీపురుతో నిలబడ్డ భార్య అనసూయ కాసేపు చూసింది.

"ఏం జేస్తున్నవయ్యా?"

"దీన్ని గంప కింద మూస్త. నేను గల్లీ దాటినంక నువ్వు ఇడిసెయ్యి."

"గంప కింద మూస్తవా? అది కోడనుకున్నవా?"

కోడి కాదని మరుక్షణమే తెలిసింది. తువాలు చుట్టిన చెయ్యి కారు కిందికి పోవడం, లోపల్నుంచి ఒక అరుపు, దాన్ని మించి దశరథం అరుపు. పిల్లి అతని బొటనవేలి కింది కండలో పళ్లు దించి, గంపను తన్నేసి, ఏమీ జరగనట్టు కారు ముందు నుంచే నడిచి గోడెక్కింది.

చేతి నుంచి నెత్తురు కారుతోంది. పిల్లేమో అడ్డం పోయింది. ముందు చెయ్యి కడుక్కోవాలా, కాళ్లు కడుక్కోవాలా అని దశరథం ఒక క్షణం నిజంగానే ఆలోచించాడు. టైము చూసుకుని రెండూ మానేశాడు. ఇంత పసుపు అద్ది, తువాలు చుట్టి, బుద్వేల్ దారి పట్టాడు.

"చేతికేమైందయ్యా?" అన్నారు భాస్కరరావు గారు కారెక్కుతూ.

"డోర్ పడ్డది సార్."

ఎయిర్‌పోర్టులో ఆయన్ని దించి పార్కింగ్‌లోకి వస్తే, సాటి డ్రైవరు పెంటయ్య చెట్టు నీడలో బీడీ కాలుస్తున్నాడు. "ఏమైందన్నా చేతికి?"

అంత మీసం పెట్టుకుని పిల్లి అనే మాట దశరథం నోటికి రాలేదు. "కుక్క గరిసింది."

పెంటయ్య బీడీ పారేశాడు. "కుక్కనా? అన్నా, నీళ్లు జూస్తే భయమైతుందా?"

"లే. ఎందుకు?"

"అయితది. రేబీస్ అంటే గంతే. ముందుగాల్ల నీళ్లంటే భయం. ఎనకట మా మేనమామోళ్ల ఊర్ల ఒకాయన్ని కుక్క గరిస్తె, ఆఖరుకు కుక్క లెక్కనే మొరిగిండంట. జల్ది దవాఖానకు పో."

కుక్క కరిస్తే కుక్కలా మొరుగుతారా? మరి తనను కరిచింది... దశరథం మెల్లగా కారు అద్దంలోకి చూసుకున్నాడు. ఇన్నేళ్లు సింహం మీసమనుకున్నది, ఆ పొద్దున అచ్చం పిల్లి మీసంలా కనబడింది.

డిక్కీలోంచి సీసా తీసి గటగటా నీళ్లు తాగాడు. భయం వేయలేదు. రోడ్డెక్కాక మళ్లీ తాగి చూశాడు. భయం లేదు. సర్కారు దవాఖాన చేరేలోపు సీసా ఖాళీ అయింది, రెండుసార్లు పక్కకు ఆపాల్సి కూడా వచ్చింది.

దవాఖానలో సూదుల గది ముందు ఇరవై మంది దాకా వరుసలో ఉన్నారు. బల్ల వెనకాల నర్సు తారాబాయి తలెత్తకుండానే అడిగింది. "ఏం గరిసింది?"

"కుక్క."

"పెంచిందా, తిరిగేదా?"

"తిరిగేదే."

"కరిసినంక ఎట్లుండె? చొంగ గార్సిందా? తిక్కతిక్కగ ఉరికిందా?"

దశరథం నిజాయితీగా గుర్తు తెచ్చుకున్నాడు. "లేదమ్మా. మంచిగనే గోడెక్కి పోయింది."

తారాబాయి కలం ఆపింది. "కుక్క గోడెక్కిందా?"

వరుసంతా మీసం వైపు తిరిగింది. దశరథం బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించాడు. "పిల్లి."

"ఆఁ? జర గట్టిగ జెప్పు."

"పిల్లి!"

ఒక ముసలమ్మ పక్కుమంది. అది అందరికీ అంటుకుంది. తారాబాయి బల్ల మీద చరిచింది. "నవ్వుడు బంద్ జేయుండ్రి! కుక్కయినా పిల్లయినా కరిస్తె సంగతొక్కటే. ఏమయ్యా, సబ్బు పెట్టి కడిగినవా?"

"పసుపు పెట్టిన."

"పసుపు పెట్టనీకె అదేమన్న పెండ్లా? పో, ఆ నల్ల కింద చెయ్యి పెట్టి పావుగంట కడుగు."

పావుగంట నల్లా కింద చెయ్యి పెట్టి, ధారగా పడే నీళ్లను దశరథం తదేకంగా చూశాడు. భయం వేస్తుందేమోనని చూస్తుంటే, అలా చూసినందుకే కొంచెం భయం వేసింది. తర్వాత గాయం చుట్టూ పొడిచారు, భుజానికి పొడిచారు. మీసం వణికింది కాని నోరు మాత్రం పెగలలేదు.

"చీటీల రాసిన దినాలకు వచ్చి సూదులన్ని ఏయించుకో, ఒక్కటి గూడ తప్పొద్దు," అంది తారాబాయి. "ఇంకొకటి. ఆ పిల్లి మీద పది దినాలు కన్నేసి పెట్టు. మంచిగ తిని తిరిగిందంటె నీకు ఫికరు లేదు. సచ్చినా, పిచ్చిపిచ్చిగ జేసినా, మాయమైనా వెంటనే వచ్చి నాకు జెప్పు."

ఇన్నాళ్లు ఏ పిల్లి కంట పడకూడదనుకున్నాడో, పది రోజులు ఆ పిల్లే కనబడాలి. సరే, ఎంత పని? కారు స్టార్ట్ చేస్తే చాలు, అదే వస్తుంది. ఆ ధైర్యంతోనే ఇల్లు చేరాడు.

అనసూయ ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "ఇగ నీకు పీడ పోయిందయ్యా. ఆ పిల్లిని గోనె సంచిల ఏయించి, పక్కింటి మల్లేశ్వర్ టెంపోల పంపిన. కొత్తూరుల ఇడిసిపెట్టొస్త అన్నడు."

దశరథం అరుగు మీద కూలబడ్డాడు. "ఏందే గట్ల జేసినవ్! నా పానం దాని తాన్నే ఉన్నదే!"

"పొద్దుగాల గంప కింద మూస్తనంటివి!"

"అది పొద్దుగాలటి మాట!"

సంగతి విన్నాక అనసూయ మొహంలో వెలుగు ఆరిపోయింది. తాళం వేసి తనూ కారెక్కింది. కొత్తూరు దారిలో ఆమె నీళ్ల సీసా అందించి, "జర తాగి సూపెట్టు," అంది. తాగి చూపించాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మల్లేశ్వర్ చెప్పిన గుర్తు ప్రకారం చౌరస్తా దగ్గర ఫ్యాక్టరీ కూలీలు తినే చిన్న హోటలు వెనకాల వెతికారు. హోటలు యజమాని రామచంద్రయ్య పరోటా తిప్పుతూనే గరిటెతో చూపించాడు. "పిల్లులా? గవో, ఎన్ని గావాలె?"

పెంటకుప్ప మీద మూడు పిల్లులున్నాయి. మూడూ బూడిద రంగువే.

"ఏదన్నా నీది? మొకం జూసి గుర్తు పట్టు," అన్నాడు రామచంద్రయ్య.

అక్కడే వచ్చింది చిక్కు. ఇన్నేళ్లలో దశరథం దాని ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడూ అడ్డంగా పోతుండగానే చూశాడు. అనసూయకు అంతకన్నా తెలియదు, దాన్ని సంచిలో వేసింది మల్లేశ్వర్.

దశరథం కాసేపు మీసం నిమురుకున్నాడు. తర్వాత వెళ్లి కారెక్కి, ఇంజన్ స్టార్ట్ చేసి, తల బయటపెట్టాడు. "అన్నా, ఏమనుకోకు. వాటిని ఒక్కొక్కదాన్ని బండి ముందుకెల్లి అదిలియ్యి."

"ఏందీ?"

"అడ్డం పోతె గుర్తు పడుత."

రామచంద్రయ్య చాలారకాల మనుషులకు పరోటాలు పెట్టాడు కాని ఇలాంటివాణ్ని చూడలేదు. గరిటె పక్కన పెట్టి పిల్లులను అదిలించడానికి వెళ్లాడు. తింటున్న కూలీలు ప్లేట్లు పట్టుకుని బయటికొచ్చారు. మొదటి పిల్లి బాణంలా దూసుకుపోయింది. "గిది గాదు," అన్నాడు దశరథం. రెండోది సగం దూరం పోయి వెనక్కి పారిపోయింది. "గిది గూడ గాదు."

మూడోది అదిలిస్తే కదలలేదు. ఇంజన్ చప్పుడు విన్నది. లేచింది. ఒళ్లు విరుచుకుంది. తలెత్తుకుని, దొరసానిలా, బండి ముందు నుంచి నడిచింది.

"గిదే!" దశరథం కేక పెట్టాడు. "గిదే నా పిల్లి!"

కూలీలు ఈలలు వేశారు. ఈసారి చెయ్యి పెట్టలేదు దశరథం. రామచంద్రయ్య చేప తలకాయ వేసిన గంపలోకి అది తనంతట తనే ఎక్కింది. పైన గోనె కప్పి, వెనక సీట్లో పెట్టి, భాస్కరరావు గారిని తీసుకుపోయినప్పటికన్నా మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. దారిలో అది ఒకసారి గుర్రుమంటే, "అయిపోయిందమ్మా, ఇంటికొచ్చినం," అన్నాడు. అనసూయ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నన్నెన్నడన్న గట్ల పిలిసినవా?" అంది.

ఆనాటి నుంచి గల్లీవాళ్లకు పొద్దున్నే వేడుక. దశరథం వాకిట్లో పాలగిన్నె పెట్టి కారు స్టార్ట్ చేసి కూర్చునేవాడు. పిల్లి అడ్డం పోతేనే గేరు వేసేవాడు. పార్కింగ్‌లో పెంటయ్య, "అన్నా, ఇయ్యాల అమ్మవారి దర్శనమైందా?" అని అడిగేవాడు. కుక్క పిల్లిగా మారిన సంగతి దవాఖాన వరుసలోంచి పార్కింగ్ దాకా ఎప్పుడో చేరిపోయింది. దశరథం మాత్రం చీటీ ప్రకారం సూదులు వేయించుకుంటూ, గుక్క గుక్కకూ గొంతును పరీక్షిస్తూ, సీసాలకు సీసాలు ఖాళీ చేస్తున్నాడు.

తారాబాయి చెప్పిన గడువు తీరే రోజు వచ్చింది. అదే రోజు భాస్కరరావు గారి విమానం. ఇంజన్ మోగుతోంది. పిల్లి రాలేదు. పాలు అలాగే ఉన్నాయి. చికెన్ దుకాణం వెనకా లేదు, గోడ మీదా లేదు. ఇన్నాళ్లు బాగుండి, ఈ ఒక్కరోజు ఏమైపోయింది?

ఫోను మోగింది. "ఏమయ్యా, బయలుదేరావా?"

"లేదు సార్. పిల్లి..."

"మళ్లీ ఎదురొచ్చిందా!"

"రాలేదు సార్. గందుకే ఆగిన."

"పిల్లి వస్తే ఆగుతావు, రాకపోతే ఆగుతావు. అసలు నీ కారు ఎప్పుడు కదులుతుందయ్యా?"

అనసూయ వచ్చి డోర్ మీద చెయ్యేసింది. "నువ్వు పో. నేను దేవులాడుత. కనవడంగనే ఫోన్ జేస్త."

వెళ్లాడు. బుద్వేల్‌లో భాస్కరరావు గారిని ఎక్కించుకున్నాక, దాచడానికి ఇక ఓపిక లేక, గంప దగ్గర్నుంచి కొత్తూరు దాకా అంతా చెప్పేశాడు. ఆయన నవ్వుదామనుకున్నారు. అద్దంలో దశరథం కళ్లు చూసి మానుకున్నారు. అనసూయ ఫోన్ ఇంకా రాలేదు.

"సార్, మా గల్లీ మీదికెల్లి పోతా. రెండు నిమిషాలు."

భాస్కరరావు గారు వాచీ చూసుకుని, "సరే పద," అన్నారు.

కారు గల్లీలోకి తిరిగింది. గేటు దగ్గర నిలబడ్డ అనసూయ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. దశరథం గేటు ముందు కారు నిలిపాడు. ఇంజన్‌ను అలా మోగనిచ్చాడు. మీసం కొసలు కిందికి జారినట్టున్నాయి.

అప్పుడు ఎవరి ఇంటి కప్పు మీది నుంచో, నోట్లో కోడికాలు పట్టుకుని, బూడిద రంగు దొరసాని గోడ మీదికి దిగింది. గోడ మీది నుంచి నేల మీదికి. కోడికాలు కింద పెట్టి ఒళ్లు విరుచుకుని, మళ్లీ నోట కరుచుకుని, సరిగ్గా బండి ముందు నుంచి అవతలికి నడిచింది.

"ఎదురొచ్చింది!" దశరథం స్టీరింగు మీద రెండు చేతులతో కొట్టాడు. "ఎదురొచ్చింది సార్! ఇగ పోదాం!" గేరు వేశాడు.

"ఆగు, ఆగు, ఆగవయ్యా!" వెనక సీట్లోంచి భాస్కరరావు గారి గొంతు వణికింది. "విమానమెక్కేవాణ్ణి. పిల్లి ఎదురొస్తే అలా తోలేస్తావా? ఒక్క నిమిషం కూర్చుని, కాస్త మంచినీళ్లు తాగి బయలుదేరదాం."

దశరథం వెనక్కి తిరిగి చూశాడు. ఆయన సీరియస్‌గానే ఉన్నారు. అప్పటికే డోర్ తీసి ఒక కాలు బయట పెట్టారు. అనసూయ నవ్వాపుకుంటూ లోపలికి పోయి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని తాగారు. ఇన్ని రోజుల్లో గొంతును పరీక్షించుకోకుండా దశరథం తాగిన మొదటి గ్లాసు అది. చల్లగా ఉంది.

భాస్కరరావు గారు గ్లాసు కింద పెట్టి, గోడ మీద కోడికాలు నములుతున్న దాని వైపు అనుమానంగా చూశారు. "అవునూ, అది కుడి నుంచి ఎడమకి వెళ్లిందా, ఎడమ నుంచి కుడికా?"

"ఎటు పోతె ఏంది సార్," అన్నాడు దశరథం మీసం కొసలు పైకి తిప్పుకుంటూ, "పానంతోని పోయింది."