పరీక్ష అయ్యాక చెబుదాం

వేసవి వస్తే ప్రైవేటు స్కూలు టీచర్లకు సెలవులని ఎవరన్నారో గానీ, వాళ్ళ నోట్లో మన్ను! మేం కరపత్రాలు పట్టుకుని అడ్మిషన్ల కోసం కాళ్ళరిగేలా ఊళ్ళు తిరగాలి. తెనాలిలో మా స్కూలు తరఫున నాకు భట్టిప్రోలు వైపు పడింది. లెక్కలు చెప్పుకునే నేను గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి, ప్రతిభా పరీక్ష రాయించండి, ఫస్టు వస్తే పదో తరగతి దాకా హాస్టలుతో సహా అంతా ఉచితం అని ఊదరగొట్టాను. అలా దొరికిన పిల్ల ఆమె. గవర్నమెంటు బళ్ళో ఏడో తరగతి అప్పుడే అయిపోయింది. తండ్రి భట్టిప్రోలు, రేపల్లె మధ్య ఆటో తిప్పేవాడు. పిల్ల పరీక్ష రాసింది, ఫస్టు వచ్చింది.

"మీ చేతుల్లో పెడుతున్నానమ్మా. మీరున్నారుగా, నాకేం బెంగ లేదు" అన్నాడాయన, కూతుర్ని హాస్టల్లో దింపిన రోజు.

ఆయనకొక అలవాటుండేది. కూతురు ఏ పరీక్ష రాసినా గేటు బయట ఆటో ఆపుకుని, అయ్యేదాకా నిలబడేవాడు. గిరాకీ పోతుంది కదయ్యా అంటే, "పోతే పోయిందిలెండి. బయటికొచ్చేసరికి దానికి నేను కనపడాలి" అనేవాడు. తోటి పిల్లలు ఏడిపించేవాళ్ళు. ఆ పిల్ల పట్టించుకునేది కాదు. పైగా లోపలికెళ్ళే ముందు వెనక్కి తిరిగి ఆటోను ఒకసారి చూసుకుని మరీ వెళ్ళేది.

పదో తరగతి చివర్లో ఇంకో పరీక్ష వచ్చింది. మా యాజమాన్యం వాళ్ళ జూనియర్ కాలేజీ బాపట్లలో ఉంది. అక్కడ రాసి ఫస్టు వస్తే ఇంటర్ రెండేళ్ళూ ఉచితం. రాకపోతే ఆ కాలేజీ మెట్టెక్కే స్తోమత ఆ ఇంటికి లేదు. పరీక్ష ఆదివారం. శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రికి ఆటోలోనే గుండెపోటు వచ్చింది. తెనాలిలో ఆసుపత్రికి తెచ్చారు. మా హాస్టలుకు నాలుగు వీధుల అవతల.

ఫోనొస్తే పరిగెత్తాను. ఆక్సిజన్ మాస్కు కింద నుంచి మాట సరిగ్గా రావడం లేదు. "అమ్మాయిని తీసుకురండమ్మా. ఒక్కసారి చూస్తాను" అన్నాడు.

మా వైపు పరీక్షలున్న పిల్లలకు ఇలాంటివి చెప్పరు. తాత పోయినా సరే, పరీక్ష అయ్యాక చెబుదాం అంటారు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు, పిల్లల మేలు కోసమే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. గండం గడిచినట్టేనని డాక్టరు అన్నాడు. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తే, "రేపొక్క పూట ఆగలేరా మేడమ్? మూడేళ్ళ కష్టం కదా" అన్నాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆ మాట అనిపించుకోవడానికే నేను ఫోన్ చేశాను. పిల్ల తల్లి నా మొహంలోకి చూసి, "మీరెలా అంటే అలాగేనండి. మాకేం తెలుసు" అంది.

"రేపు మధ్యాహ్నం పరీక్ష కాగానే తెస్తానయ్యా" అని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆయన తలుపు వైపు చూస్తూ పడుకున్నాడు.

ఆదివారం పొద్దున బాపట్లలో బస్సు దిగి పిల్లల్ని లోపలికి పంపుతుంటే ఫోన్ మోగింది. ఆ పిల్ల మేనమామ. "బావ పోయాడండి. ఊరికి తీసుకెళ్తున్నాం. అమ్మాయిని అక్కడికే తెచ్చెయ్యండి" అని ఏడ్చాడు. పిల్ల నా పక్కనే హాల్ టికెట్ పట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది.

"నాన్న రాలేదేంటి మేడమ్?"

బెల్లు కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంది. అప్పుడైనా చెప్పొచ్చు.

"రేపల్లె గిరాకీ తగిలిందట. నువ్వెళ్ళు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

"సర్లెండి, అయ్యాక ఫోన్ చేద్దాం" అంది. లోపలికెళ్తూ అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది. ఆటో ఉండాల్సిన చోట నేనున్నాను.

మూడు గంటలు ఎండలో అక్కడే నిలబడ్డాను. పిల్ల నవ్వుకుంటూ బయటికొచ్చింది. "చివరి లెక్క కూడా వచ్చేసింది మేడమ్!" అంది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "ఎన్ని వదిలేశావ్?" అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

అద్దెకు కారు మాట్లాడి, అందులో కూర్చోబెట్టుకుని, నాన్నకు కొంచెం బాగాలేదట అన్నాను. దారి పొడుగునా ఎదురొచ్చే ఆటోలకేసే చూసిందా పిల్ల. వాళ్ళ వీధి మలుపులో షామియానా చూసి తనే తెలుసుకుంది. కారు సరిగ్గా ఆగకముందే తలుపు తీసుకుని పరిగెత్తింది. నేను కారు దిగలేకపోయాను.

ఫస్టు ర్యాంకు ఆ పిల్లదే. పెద్ద ఫోటోతో స్కూలు ముందు ఫ్లెక్సీ కట్టారు. కొన్నాళ్ళకు తల్లిని వెంటబెట్టుకుని టీసీ కోసం వచ్చింది. రేపల్లెలో గవర్నమెంటు కాలేజీలో చేరుతుందట. ప్రిన్సిపాల్ ఎంత బతిమాలినా వినలేదు. వెళ్ళిపోతూ స్టాఫ్ రూములో నా బల్ల దగ్గర ఆగింది.

"శనివారం మీరు ఆసుపత్రికెళ్ళారంట కదా మేడమ్. నాన్న నన్ను చూడాలని అడిగారా?"

ఆ పిల్ల ఇంకా బాధపడకూడదనే అనుకున్నాను, ఒట్టు.

"లేదమ్మా. అప్పటికే స్పృహలో లేరు" అన్నాను.

వెనకాల తల్లి తల దించుకుంది. పిల్ల మాత్రం కళ్ళు తిప్పకుండా నన్నే చూసింది.

"అడిగారని అమ్మ చెప్పిందండి" అంది. "మీరేం చెబుతారోనని అడిగాను."